క్లియర్ అన్న మాట

మా బావకి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. ఇందులో వింతేముంది, చాలామందికి తిప్పుతుంది కదా అంటారేమో. మా బావ ఉద్యోగమే పడవలెక్కడం! రేవుకి వచ్చిన ప్రతి విదేశీ పడవ దగ్గరికీ వెళ్ళాలి, ఎక్కాలి, కాగితాలు చూడాలి, ముద్ర కొట్టి దిగాలి. పెద్ద ఓడలైతే ఫరవాలేదు, అవి మేడల్లా కదలకుండా నిలబడతాయి. యాట్‌లని వస్తాయే, తెరచాపల పడవలు, వాటితోనే వచ్చింది చావు. చిన్న గదిలో తల వంచుకుని రెండు లైన్లు రాసేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. జేబులో ఎప్పుడూ ఓ నిమ్మకాయ. వాసన చూడటం, రాయడం, మళ్ళీ వాసన చూడటం.

ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చే లాంచి నాదే. అంటే ప్రభుత్వానిది, నడిపేది నేను. మా అక్కని చేసుకున్నాడు కాబట్టి ఇంట్లో, లాంచిలో మోస్తున్నాను కాబట్టి నీళ్ళ మీద, రెండు చోట్లా ఆయన్ని ఏడిపించే హక్కు నాకుండేది. "బావా, సముద్రం నిన్ను చూసి నవ్వుతోంది" అంటే, "నోర్మూసుకుని నడపరా, మాట్లాడించావంటే నీ లాంచే పాడవుతుంది" అనేవాడు. ఇప్పుడాయన ఆ పని చేయడం లేదు. ఎందుకు మానేశాడంటే రేవులో తలా ఒక కారణం చెబుతారు. వాళ్ళ మొహం! జరిగింది దగ్గరుండి చూసినవాణ్ణి నేను.

యాట్‌లలో వచ్చేవాళ్ళు ఎక్కువగా మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉంటారు. మంచం, పొయ్యి, పుస్తకాలు అన్నీ అందులోనే సర్దుకుని ఏళ్ళ తరబడి దేశాలు తిరుగుతుంటారు. కొత్త రేవులోకి రాగానే వాళ్ళు పసుపుపచ్చ జెండా ఎగరేయాలి. 'మేం వచ్చాం, మాలో ఎవరికీ జబ్బుల్లేవు, వచ్చి చూసుకోండి' అని దానర్థం. ఆ జెండా దించేదాకా వాళ్ళు గట్టు మీద కాలు పెట్టకూడదు, గట్టు మీది వాళ్ళెవరూ వాళ్ళ పడవ ఎక్కకూడదు, మా బావ తప్ప. ఆయన వెళ్ళి పాస్‌పోర్టులు చూస్తాడు. వెనకటి రేవువాళ్ళు ఇచ్చి పంపిన కాగితం చూస్తాడు. మందులేమున్నాయి, మద్యమెంతుంది, కుక్కా పిల్లీ ఏమైనా తెచ్చారా అని అడుగుతాడు. అన్నీ సరిపోతే ముద్ర కొట్టి, "క్లియర్" అంటాడు. అప్పుడు జెండా దిగుతుంది.

వెళ్ళేటప్పుడూ ఇదే తంతు. మళ్ళీ కాగితాలు, మళ్ళీ ముద్ర, మళ్ళీ "క్లియర్". ఆ ముద్ర పడ్డాక మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, దేశం వదిలి వెళ్ళిపోయినట్టే. మరిచిపోయిన గొడుగు తెచ్చుకుంటానన్నా గట్టెక్కనివ్వరు.

ఆ మాట మా ఇంట్లోకీ వచ్చి కూర్చుంది. భోజనం అయితే క్లియర్. పిల్ల స్నానం చేసొస్తే క్లియర్. ఈ చీర బాగుందా అని మా అక్క అడిగితే, పేపర్లోంచి తలెత్తకుండానే క్లియర్. "ఆ ముద్ర కూడా కొట్టండి, ఓ పనైపోతుంది" అని మా అక్క కసురుకునేది. రేవులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ క్లియర్‌గారే. పనిలో మాత్రం తన మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. యాట్ వాళ్ళు అభిమానంగా ఓ చాక్లెట్ ఇచ్చినా పుచ్చుకునేవాడు కాదు. "ఇవాళ చాక్లెట్ తింటే రేపు సంచి విప్పి చూడటానికి మొహం చెల్లదురా" అనేవాడు.

అలాంటివాడు ఒకసారి బిస్కెట్ తిన్నాడు.

ఆ పడవలో వచ్చింది ఓ పెద్దాయన, ఆయన భార్య. ఎక్కడివాళ్ళో ఏమో, వాళ్ళ భాష ఈ చుట్టుపక్కల ఎవరికీ రాదు. ఆవిడకి ఇంగ్లీషు కాస్త నయం. పెద్దాయనది మరీ ముక్కలు ముక్కలు, ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చి పెట్టేవాడు. బావ ఇంగ్లీషు కూడా ఫారాల్లో ఉండేదే, ఫారం దాటితే ఆయనకీ నడక రాదు. మొదటిరోజు బావ లోపలికి దిగి కూర్చున్నాడో లేదో, ఆవిడ ఆయన మొహం చూసి, చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చింది. నేను లాంచిలోంచి నోరు తెరుచుకుని చూస్తున్నాను. పైన గాలికి కూర్చోబెట్టి, చేతిలో ఉప్పు బిస్కెట్ పెట్టి, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీత చూపించి, అటే చూడమంది. అటు చూస్తూ తింటూ ఉంటే కాగితాల్లో ఉన్నవన్నీ ఆవిడే చదివి వినిపించింది. అన్నేళ్ళ ఉద్యోగంలో బావ నవ్వుతూ దిగి వచ్చిన యాట్ అదొక్కటే. "అమ్మలాంటి మనిషిరా" అన్నాడు. "నిమ్మకాయకి సెలవు ఇచ్చేశావా మరి?" అన్నాను. ఆ రోజు నా వీపు మీద ఒకటి పడింది.

ఇంజను బాగుచేయించుకోవడానికని వాళ్ళు మా రేవులో చాలా రోజులే ఉండిపోయారు. ఆవిడ మార్కెట్‌లో కనపడితే మా అక్క చెయ్యూపేది. ఇద్దరికీ మాటల్లేవు. కూరగాయలు చూపించుకుంటూ గంటసేపు కబుర్లు చెప్పుకునేవారు.

వాళ్ళు బయల్దేరిన రోజు పొద్దున్న ఈదురుగాలి వీస్తోంది, పడవలన్నీ తాళ్ళు తెంపుకునేలా ఊగుతున్నాయి. రేవు మొగలో, అంటే సముద్రంలోకి వెళ్ళే దారిలో, ఇసుక తోడే పని సాగుతోంది. తోడిన ఇసుక పోయే పెద్ద ఇనప గొట్టాన్ని ఆ రోజు దారికి అడ్డంగా, నీళ్ళకి కాస్త కిందుగా దించారట. నాకా సంగతి తెలియదు, ఫోను వెళ్ళింది బావకి. హార్బర్ మాస్టర్ చెప్పాడు: "గొట్టం తీసేదాకా ఎవరు బయటికి వెళ్ళినా ఎడమ గట్టు వారగా వెళ్ళమని చెప్పు."

లాంచి పక్కకి చేర్చి పట్టుకోవడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ పడవ ముందుభాగంలో లంగరు గొలుసు పైకి లాగే పనిలో ఉంది. బావకి చెయ్యూపింది కానీ చేతిలో పని వదల్లేకపోయింది. దాంతో బావ లోపలికి దిగాల్సి వచ్చింది. పెద్దాయనే కాగితాలు పరిచాడు. కాసేపటికి బావ సంచి చంకలో పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లాంచిలోకి దూకాడు. "పోనీరా, పోనీ" అన్నాడు. గట్టుకి చేరేదాకా తల పైకెత్తలేదు.

టీ సగం తాగామో లేదో, మొగ దగ్గర కేకలు. నేను లాంచి తీసుకుని పరిగెత్తాను. పడవ గొట్టాన్ని గుద్దుకుని ఆగిపోయి ఉంది. ఆ ఆగడం ఆగడం, ముందుభాగంలో ఉన్న ఆవిడ గొలుసు చుట్టే ఇనప మర మీద పడిపోయింది. తల పగిలింది. పెద్దాయన ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇద్దరం కలిసి ఎత్తి లాంచిలో పడుకోబెట్టాం. ఆవిడ చెయ్యి నా చొక్కా పట్టుకుని వదల్లేదు. గట్టు మీద బావ నిలబడి ఉన్నాడు. ఆవిణ్ణి దించుతుంటే సాయం రావాల్సినవాడు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. నెత్తురు చూసి భయపడ్డాడనుకున్నాను.

ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చాక ఇంకో తలనొప్పి వచ్చిపడింది. పాస్‌పోర్టుల ప్రకారం వాళ్ళిద్దరూ దేశం వదిలి వెళ్ళిపోయారు! వెళ్ళిపోయిన మనిషికి ఆసుపత్రిలో మంచం ఎలా ఇస్తారు? మళ్ళీ కొత్తగా వచ్చినట్టు కాగితాలు రాయాలన్నాడు హార్బర్ మాస్టర్. రాయాల్సింది ఎవరు? బావే. నేనూ వెంట వెళ్ళాను. వార్డు బయట బెంచీ మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా ఎండిన నెత్తురు. బావని చూడగానే లేచి నిలబడ్డాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు: "పసుపు జెండా... కట్టలేదు. సారీ. టైం లేదు."

బావ ఫారం బెంచీ మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళి చూస్తే మెట్ల మీద కూలబడి ఉన్నాడు. నేల మీద, కదలని మెట్ల మీద, వాంతి చేసుకున్నాడు.

హార్బర్ మాస్టర్ బావనీ పెద్దాయన్నీ కూర్చోబెట్టి విచారణ చేశాడు. గొట్టం సంగతి మీకు చెప్పలేదా అని పెద్దాయన్ని అడిగితే, ఆయన అన్న మాట ఇది: "నేను అడిగాను, క్లియర్? ఆఫీసర్ అన్నారు, క్లియర్. ఆయన చెప్పింది కాగితాలు. నేను అనుకున్నాను, దారి. నా ఇంగ్లీషు మంచిది కాదు. తప్పు నాది." హార్బర్ మాస్టర్‌కి నెత్తిన పాలు పోసినట్టయింది. బావ వైపు తిరిగి, "నువ్వు కాగితాల గురించేగా అన్నది?" అన్నాడు. బావ తలూపాడు. "గొట్టం సంగతి బోర్డు మీద రాశాం. చదువుకోవాల్సింది. ఏం చేస్తాం, భాష రాకపోతే వచ్చే చిక్కే ఇది" అని ఆయన చేతులు దులుపుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్ళో బతకలేదు.

చనిపోయిన రోజు బావ ఆసుపత్రికి వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. పెద్దాయన ఫోనులో వాళ్ళ భాషలో మాట్లాడుతున్నాడు. పెట్టేసి మాతో అన్నాడు: "మా అమ్మాయి. అడుగుతుంది, ఎందుకు అలా వెళ్ళావు? నేను చెప్పాను, నాన్నకి మాట అర్థం కాలేదు. ఏడుస్తుంది. ఇంక నాతో మాట్లాడను అంటుంది." చెప్పి, బావ భుజం తట్టాడు. బావ భుజం! పోయింది ఆయన భార్య, ఓదార్పు మా బావకి.

అప్పటి నుంచీ ఇంట్లో మనిషి మనిషిలా లేడు. కంచం ముందు కూర్చుంటాడు, కెలుకుతాడు, లేచిపోతాడు. ఒకరోజు పిల్ల పాలు తాగి గ్లాసు బోర్లించి, "నాన్నా, క్లియర్!" అంది. బావ దాని చేతిలోంచి గ్లాసు లాక్కుని విసిరికొట్టాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. మా అక్క నన్ను పక్కకి పిలిచి, "ఏరా, రేవులో ఏం జరిగింది? ఈయన నాకు చెప్పడు. నువ్వైనా చెప్పు" అంది. నాకేం తెలుసు? ఆవిడ పోయిన బాధ అనే అనుకుంటున్నాను.

మర్నాడు లాంచిలో, ఎటూ వెళ్ళే పని లేకుండా ఊరికే కూర్చుని ఉన్నప్పుడు, అడిగేశాను. "ఏంటి బావా, ఆవిడ మన మనిషేం కాదుగా. పాపం అనుకోవాలి, రెండు రోజులు బాధపడాలి. నువ్వేంటి మరీ ఇలా?"

"చెయ్యి చూశానురా" అన్నాడు.

"ఎవరి చెయ్యి?"

"పెద్దాయనది. క్లియర్? అని అడిగాడే, అప్పుడు ఆయన వేలు కాగితాల మీద లేదు. కిటికీలోంచి మొగ వైపు చూపిస్తున్నాడు. నాకు అర్థమైంది. దారి గురించి అడుగుతున్నాడని అర్థమైంది. గొట్టం గుర్తొచ్చింది కూడా. అదంతా ఇంగ్లీషులో చెప్పాలి, బొమ్మ గీసి చూపించాలి, ఇంకాసేపు అందులోనే కూర్చోవాలి. కడుపు నోట్లోకి వస్తోంది. క్లియర్, క్లియర్ అనేసి బయటపడ్డాను. లాంచిలోకి వచ్చాక అనుకున్నాను, కాగితాల గురించే అడిగుంటాడులే అని. నాకు నేనే చెప్పుకున్నాను. గట్టు చేరేలోపల నమ్మేశాను కూడా."

ఇటూ అటూ చూశాను, దగ్గర్లో ఎవరూ లేరు. "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?" అన్నాను.

"లేదు."

"అయితే అనకు. నీకు దణ్ణం పెడతాను. నోరు కుట్టేసుకో. ఆయనే తప్పు నాది అన్నాడు. హార్బర్ మాస్టర్ సరే అన్నాడు. నువ్వు చెప్తే చచ్చిపోయినావిడ లేచొస్తుందా? ఉద్యోగం పోతుంది, జైలంటారు, పిల్ల చదువేం కావాలి, మా అక్క ఏం కావాలి?"

"అదేరా నేనూ అనుకుంటున్నాను" అన్నాడు. "రోజూ అదే అనుకుంటున్నాను. అనుకోవడం అవగానే ఆయన నా భుజం తట్టడం గుర్తొస్తుంది."

నేను మా అక్క కోసమే చెప్పాను. కానీ మా అక్క అక్క ఏం కాదు, పోలీసు. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి ఆయన నోట్లోంచి మొత్తం లాగేసింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ వంటగదిలో నేల మీద కూర్చుని ఉన్నారు. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను సర్దిచెప్పబోతే, "నువ్వాగు! మీ ఇద్దరి తెలివీ తగలబడిపోను" అని నామీద విరుచుకుపడింది. ఆయన వైపు తిరిగి, "ఏవండీ, ఆవిడ నాతో మార్కెట్‌లో వంకాయలు ఏరింది. నన్ను నవ్వించింది. ఆ మనిషి పెళ్ళాన్ని తనే చంపుకున్నానని అనుకుంటున్నాడు, కూతురూ అదే అనుకుంటోంది. వాళ్ళనలా వదిలేసి మీరిక్కడ అన్నం తింటారా? నేను మీకు వడ్డించాలా? నా వల్ల కాదు" అంది.

"చెప్తే మన గతేంటే?" అన్నాడు బావ.

"ఏమో. నాకూ భయంగానే ఉంది" అంది అక్క. ఏడ్చేసింది. "చెప్పి రండి."

ఆ రాత్రి నేను మా అక్కతో మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. మంచితనం వేరు, సంసారం వేరు అనుకునే రకం నేను.

పడవకి పగిలిన చోట అతుకులు వేశారు. పెద్దాయన ఒక్కడే వెళ్తానని కబురు పెట్టాడు. ఆవిడ బూడిద ఉన్న పెట్టె ఆయన దగ్గరే ఉందట. పడవ బయల్దేరాలంటే మళ్ళీ ముద్ర పడాలి. బావని తీసుకెళ్ళాను. ఆ రోజు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఆయన లాంచిలో కూర్చుని ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా గుండీలు ఒకటే సవరించుకుంటున్నాడు. "ఇప్పటికీ మించిపోలేదు బావా, ముద్ర కొట్టి వచ్చెయ్" అన్నాను. సంచి అందుకుని లేచి నిలబడ్డాడు.

పెద్దాయన బావని లోపలికి రానివ్వలేదు. ఆవిడ చేసినట్టే పైన గాలికి కూర్చోబెట్టాడు, కాగితాలు అక్కడికే తెచ్చాడు. నేను తాడు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, అన్నీ వినపడుతున్నాయి. బావ సంచి విప్పలేదు. చెయ్యి పైకెత్తి మొగ వైపు చూపించాడు.

"ఆ రోజు మీ చెయ్యి ఇలా ఉంది" అన్నాడు, తనకొచ్చిన ఇంగ్లీషులో. "నేను చూశాను. మీరు దారి అడిగారు. నాకు అర్థమైంది. గొట్టం ఉందని నాకు తెలుసు. తెలిసి, క్లియర్ అన్నాను."

పెద్దాయనకి వెంటనే అర్థమైందో లేదో. బావ మళ్ళీ చెప్పాడు, ఇంకా చిన్న చిన్న మాటల్లో. ఈసారి ఆయన మొహం మారడం నేను చూశాను.

"ఎందుకు?" అన్నాడు.

ఆ జవాబు ఎంత చిన్నదో ఆయనకి తెలుసు. కడుపు మీద చెయ్యి వేసుకుని, "తిప్పుతోంది. త్వరగా దిగిపోదామని" అన్నాడు.

పెద్దాయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మనిషి ఏ ఇనప ముక్కో పట్టుకుని వస్తే కొట్టించుకుంటాడు మా బావ, కదలడు, కూర్చున్న తీరే చెబుతోంది. నేను తాడు కట్టేసి పడవలోకి ఓ కాలు వేశాను.

ఆయన ఫోను పట్టుకుని వచ్చాడు. నిలబడే నెంబరు నొక్కాడు. అవతల ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. చివరికి ఎత్తితే వాళ్ళ భాషలో గబగబా ఏదో అన్నాడు, బతిమాలినట్టు, పెట్టేయొద్దన్నట్టు. తర్వాత ఫోను బావ ముందుకి చాపాడు.

"మా అమ్మాయి. ఇంగ్లీషు బాగా వచ్చు. తనకి చెప్పండి."

బావ రెండు చేతులతో అందుకున్నాడు. ముందు తన ఉద్యోగం చెప్పాడు, రేవు చెప్పాడు. తర్వాత ఆ రోజు సంగతి మొదటి నుంచీ చెప్పాడు. చెయ్యి సంగతి చెప్పాడు, తలూపిన సంగతీ దాచలేదు. పెద్దాయన ఫోను వైపే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అప్పుడు ఆ అమ్మాయి ఏదో అంది. బావ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ చెప్పమంటోందని నాకు అర్థమైంది.

ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా, పక్కన నిలబడ్డ తండ్రికి కూడా వినపడేలా. "మీ నాన్నగారు సరిగ్గానే అడిగారమ్మా. నేనే తప్పు చెప్పాను."